పందిరి కోసమని రాసిన గేట్ పాస్

కరోనా తెరిపిచ్చిన ఏడాది జూన్ నెలలో నన్ను జోల్వాలోని మరమగ్గాల యూనిట్ నుంచి పల్సానాలోని ప్రాసెసింగ్ హౌస్‌కు బదిలీ చేశారు. రెండూ ఒకే యజమానివి. మగ్గం మీది నుంచి దిగిన ముడి బట్టను ఉతికి, రంగు వేసి, అచ్చు వేసే చోటును సూరత్‌లో ప్రాసెసింగ్ హౌస్ అంటారు. నా హోదా మెకానికల్ మెయింటెనెన్స్ ఇన్‌చార్జ్. నా కింద నలుగురు ఫిట్టర్లు, ఇద్దరు వెల్డర్లు. నా పైన జనరల్ మేనేజర్. మెషిన్ నడిస్తే అది ప్రొడక్షన్ వాళ్ల గొప్ప, ఆగితే మా తప్పు. రిటైర్ కావడానికి రెండేళ్లు మిగిలి ఉన్నాయి. ఆ రెండేళ్లూ మాట పడకుండా గడిస్తే చాలనుకున్నాను. చెప్పబోయేదంతా ఆ కోరికలోంచే పుట్టింది.

ఇద్దరు వెల్డర్లలో పెద్దవాడు కనకయ్య. మాది సిరిసిల్ల పక్క ఊరైతే వాళ్లది ఇంకో రెండు ఊళ్ల అవతల. ఇద్దరి తండ్రులూ మగ్గాల మీదే బతికారు. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. సూరత్‌కు వచ్చిన కొత్తలో భేస్తాన్‌లో ఒకే గదిలో ఉన్నాం కాబట్టి బావా అంటే బావా అనుకున్నాం. నేను పాలిటెక్నిక్ చదువుకున్నవాణ్ని, సూపర్‌వైజర్‌గా చేరాను. అతను ఏడో తరగతి దాటలేదు, హెల్పర్‌గా చేరాడు. పాతికేళ్లు తిరిగేసరికి నా సంతకానికి విలువ వచ్చింది, అతని చేతికి విలువ వచ్చింది. ఇంత పెద్ద మిల్లులో బాయిలర్ పైపు మీద వెల్డింగ్ చేయమని నేను నిశ్చింతగా చెప్పగలిగింది అతనికొక్కడికే.

కనకయ్యకు జీపుల పిచ్చి. ఆదివారాల్లో భేస్తాన్‌లో ఇంటి ముందు రేకుల షెడ్డు కింద ఇతరుల జీపులకు బంపర్లు, మెట్లు, నిచ్చెనలు వెల్డ్ చేసేవాడు. వానాకాలం వచ్చిందంటే సూరత్ చుట్టుపక్కల డబ్బున్న కుర్రకారు జీపులేసుకుని బురదలోకి దిగుతారు. ఎవరి బండి గుంటలోంచి బయటపడుతుందో వాడే మొనగాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలు ఊరికే అనలేదు గానీ, ఆ బురదే కనకయ్యకు ముందుముందు బతుకుతెరువు అయ్యేలా ఉంది. రిటైరైన తర్వాత బురద బండ్లకు కేజ్‌లు కట్టి బతకాలని అతని ఆలోచన. తుక్కు కింద అమ్ముడైన ఒక పాత జీపును కొన్నాడు. దానికి సొంతంగా కేజ్ కట్టి, వానాకాలం పోటీలో నడిపి చూపిస్తే పది మంది తన దగ్గరికి వస్తారని లెక్క వేసుకున్నాడు. ఆ బండే అతని షాపు బోర్డు. అతను పెన్షన్‌కు నోచుకున్న మనిషి కాదు.

రోల్ కేజ్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక మాట. బండి బోల్తా పడితే లోపలి మనిషి నలగకుండా చుట్టూ కట్టే పైపుల పంజరం అది. అందులో డ్రైవర్ వీపు వెనక నిలబడే పెద్ద కమానుదే అసలు భారం. బలంగా ఉంటే చాలనుకుంటారు చాలామంది. కాదు. దెబ్బ తగిలినప్పుడు అది వంగాలి. వంగుతూ వంగుతూ దెబ్బను తాను మింగాలి. విరగకూడదు. వంగిన పంజరంలో మనిషి బతుకుతాడు, విరిగిన పంజరం ఈటెల కట్ట అవుతుంది.

ఏ పైపు వాడాలని కనకయ్య నన్ను అడిగింది ఆ చలికాలంలో, టీ వేళ. పాత జాబ్ కార్డు వెనక రాసి మరీ చెప్పాను. నీళ్ల పైపు ముట్టుకోవద్దన్నాను. దాని మీద జింకు పూత ఉంటుంది, వెల్డింగ్‌లో ఆ పూత పొగై అతుకును బుడగల మయం చేస్తుంది, ఆ పొగ పీల్చినవాడికి సాయంత్రానికి జ్వరం. కుర్చీలకూ బల్లలకూ వాడే పలుచని అతుకు పైపు కుర్చీలకే పనికొస్తుంది. పోటీ కార్లవాళ్లు క్రోమియం కలిపిన మిశ్రమ ఉక్కు వాడతారు. అది మనకు దొరకదు, దొరికినా దాని వేడి లెక్కలు షెడ్డులో కుదరవు. మనలాంటివాళ్లకు సరైనది అతుకు లేని మైల్డ్ స్టీల్ పైపు, అంటే సీమ్‌లెస్. బయటి వ్యాసం నలభై రెండు మిల్లీమీటర్లు, గోడ మందం మూడుకు తగ్గకూడదు, మిల్లు సర్టిఫికెట్ చూసి కొనాలి. ఇంతవరకు నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ కార్డు ముక్కను అతను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సరిగ్గా ఆ నెలలోనే మా మిల్లులో ఒక వెయిట్ రిడక్షన్ మెషిన్‌ను పక్కన పెట్టాం. పాలిస్టర్ బట్ట మెత్తగా, పలుచగా జారాలంటే దాన్ని మరిగే కాస్టిక్ సోడాలో ఉడికిస్తారు. కాస్టిక్ దారాన్ని పైపైన తినేస్తుంది, బట్ట బరువు తగ్గుతుంది. పట్టులా జారే సూరత్ చీర వెనక ఉన్న మర్మం ఇదే. దారాన్ని తినే ఆ ద్రవం తన దారిలో ఉన్న పైపులను ఊరికే వదలదు. పన్నెండేళ్లు పనిచేసిన ఆ స్టెయిన్‌లెస్ పైపులు వంపుల దగ్గర వెంట్రుకవాసి బీటలు వారి కారడం మొదలుపెట్టాయి. ఒకచోట అతికితే మరోచోట కారేవి. చివరికి నేనే కండెమ్ నోట్ రాశాను. లోపల బీటలు ఉన్నాయి, ఒత్తిడికీ బరువుకూ వాడరాదు అని అందులో స్పష్టంగా ఉంది. పైపులు మిల్లు వెనక భంగార్‌లో, అంటే తుక్కు గుట్టలో పడ్డాయి. వాటి పైపూత మాత్రం ఎండలో అద్దంలా మెరిసేది.

మా మిల్లులో ఒక ఆనవాయితీ ఉండేది. రిటైరైపోయే పనివాడు ఆఖరి వారంలో భంగార్ గుట్టలోంచి తనకు నచ్చిన సామాను కొంత ఇంటికి తీసుకుపోవచ్చు. ఇది ఏ రూల్ పుస్తకంలోనూ లేదు. ఒకరు పాత మోటారు తీసుకెళ్లారు, ఒకరు బీమ్ పైపులతో మంచం చేయించుకున్నారు. శాలువా కప్పడం కన్నా ఇదే నయమని పనివాళ్లు అనేవారు. డిపార్ట్‌మెంట్ హెడ్ గేట్ పాస్ మీద సంతకం పెడితే చాలు. మే నెలలో కనకయ్య వంతు వచ్చింది. అతను ఆ స్టెయిన్‌లెస్ పైపులు అడిగాడు. ఏడు పొడుగు పైపులు.

ఎందుకో అడగాల్సిన పని లేదు. వద్దన్నాను. కండెమ్ నోట్ గుర్తు చేశాను. అతను నవ్వాడు.

"ఏంది బావా, గిట్లంటవ్? ఆ పైపులకు ఎన్నిమాట్ల వెల్డింగ్ గొట్టిన్నో నాకంటె ఎరుకున్నోడెవడు? కారిన వంపులన్ని కోసేస్త. సీదా ముక్కలే వట్కపోత."

కారిన చోటే బీట ఉంటుందని లేదని చెప్పాను. దానికి అతనిచ్చిన జవాబు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"తాకాల దాగ్ వడితె ఏం జేస్తం? దాగున్నకాడికి కోసి పక్కకేస్తం. మిగిలిందంత ఫ్రెష్ మాలే గద. గిదీ గంతే."

తాకా అంటే మగ్గం మీంచి దించిన ఒక తాను బట్ట. మరక పడినా, పోగు తెగినా, ఆ మేరకు కత్తిరించి తుండుగుడ్డల కింద అమ్ముతారు, మిగతాది మంచి సరుకుగా పోతుంది. పుట్టిందగ్గర్నుంచి చూసిన లెక్క అది. బట్టకు ఆ లెక్క సరే. దాని లోపం ఉన్నచోటే ఉంటుంది. ఒకే ద్రవం పన్నెండేళ్లు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పారిన పైపు తాకా కాదు. ఇది నాకు తెలుసు. అయినా అతను ఆ మాట అన్నప్పుడు నా తల కొంచెం ఊగింది. నేనూ మగ్గం గుంటలో ఆడుకున్నవాణ్నే కదా. చదువు మీదికి వచ్చింది గానీ, కిందున్నది ఆ బట్ట లెక్కే.

సరే, పరీక్ష చేద్దామన్నాను. స్టోర్‌లో డీపీ కిట్ ఉంది. పైపు మీద ఎర్ర రంగు చల్లి, కాసేపు ఆగి, తుడిచి, పైన తెల్ల పొడి చల్లితే, బీటలో దాగిన ఎరుపు పైకి వచ్చి గీతలా కనబడుతుంది. రంగుల మిల్లులో రంగుతోనే దొరికే దొంగ. ఒక పైపుకు చేశాను. ఒక కొసన వెంట్రుకంత ఎర్ర గీత కనబడింది. కనకయ్య అక్కడికి జానెడు కోసేశాడు. మళ్లీ చల్లాను, గీత లేదు. "సూసినవా?" అన్నాడు. మిగతా ఆరు పైపులకు చేయలేదు. కిట్‌లో రంగు అయిపోవచ్చింది, కొత్తది తెప్పించాలంటే ఎందుకని అడుగుతారు. ఇంకో సంగతి అసలైనది. కాస్టిక్ పారింది పైపు లోపల. బీట లోపల పుడుతుంది, చాలా కాలానికి గానీ బయటికి రాదు. నేను పరీక్ష చేసింది బయట. లోపలి దొంగ కోసం వాకిట్లో వెతికానన్నమాట. ఆ సంగతి ఆ రోజు నాకు తట్టలేదని చెప్పుకుంటే కొంత బాగుండేది. తట్టింది.

గేట్ పాస్‌లో మూడు ప్రతులు ఉంటాయి. తెల్లది గేటుకు, గులాబీది స్టోర్‌కు, పసుపుది పుస్తకంలోనే. సామాను, బరువు, స్థితి, వాడకం, సంతకం అని గడులు. కండెమ్ చేసిన కెమికల్ లైన్ సామాను ఇంటి వాడకానికైతే నా సంతకం సరిపోతుంది. బండికో, మెషిన్‌కో అయితే జనరల్ మేనేజర్ సంతకం కావాలి. ఆయన దగ్గరికి పోతే ఆయన నా నోట్ తీసి నాకే చూపిస్తాడు, పైపులు దొరకవు. కనకయ్య నా బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఆఖరి వారం కదా, మెడలో అంతకుముందు ఎవరో వేసిన బంతిపూల దండ ఇంకా ఉంది. పాతికేళ్లలో అతను నన్ను అడిగింది అదొక్కటే. వాడకం అన్న గడిలో 'ఇంటి ముందు పందిరి కోసం' అని రాసి సంతకం పెట్టాను. పెడుతూ, "కేజ్‌కు మాత్రం వద్దు, సీమ్‌లెస్సే కొను" అన్నాను. అతను సరేనన్నట్టు తలాడించాడు. మేమిద్దరం అబద్ధమాడుకున్నామని మా ఇద్దరికీ తెలుసు.

నెల రోజుల్లో కేజ్ నిలబడింది. ఒక ఆదివారం చూసి వచ్చాను. పైపుల్లో ఇసుక దట్టించి, నలగకుండా చేతి బెండర్ మీద వంచాడు. స్టెయిన్‌లెస్‌ను జీపు చాసిస్ ఇనుముకు అతకడానికి వేరే జాతి రాడ్ కావాలి. అది ఎక్కడో వెతికి పట్టుకొచ్చాడు. అతుకులు పేర్చిన నాణేల్లా ఒకదాని మీద ఒకటి ఒద్దికగా ఉన్నాయి. అతని భార్య సుజాత టీ ఇస్తూ, "అన్నా, మీరు జూసిండ్రు గద, ఇగ మాకు ఫికర్ లేదు" అంది. టీ తాగాను. బాగుందన్నాను. వెల్డింగ్ గురించి అన్నానని నాకు నేను చెప్పుకున్నాను.

పోటీకి వారం ముందు జోల్వా అవతల మట్టి తవ్విన గుట్టల దగ్గర బండిని పరీక్షించడానికి పోయాడు. నన్నూ రమ్మన్నాడు, పోయాను. బెల్టు కట్టుకున్నాడు, హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆ విషయంలో అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. రెండు గుట్టలు సునాయాసంగా ఎక్కాడు. మూడో గుట్ట మీద కుడి చక్రం తడి మట్టిలో జారింది. బండి కుడి పక్కకు మెల్లగా, మనిషి నడిచేంత వేగంతో ఒరిగింది. కేజ్ సరైనదైతే కనకయ్య దులుపుకుని లేచి నన్ను చూసి నవ్వేవాడు. వంగే ఇనుము మూలుగుతుంది. నాకు మూలుగు వినబడలేదు. కట్టె విరిగినట్టు టప్పుమని ఒక్క చప్పుడు వినబడింది. పెద్ద కమాను కుడి కాలు విరిగి లోపలికి దిగబడింది. అతని కుడి చెయ్యి దాని కింద పడింది.

పక్క యూనిట్ లోంచి మగ్గాలవాళ్లు పరుగెత్తుకొచ్చి బండిని ఎత్తారు. నేనూ ఓ చెయ్యి వేశాను. అతన్ని టెంపోలో ఎక్కించేలోపు నేను రెండుసార్లు ఆ విరిగిన చోటు చూశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చూశాను. వృత్తి అలవాటు. అప్పుడే విరిగిన ఉక్కు తెల్లగా మెరుస్తుంది. ఇక్కడ తెలుపు గోరంతే ఉంది. మిగతాదంతా లోపలి వైపు నుంచి గోధుమరంగుకు తిరిగి ఉంది, అంటే ఎప్పటిదో బీట. కనకయ్య వేసిన అతుక్కు రెండు వేళ్ల ఎత్తున విరిగింది. అతుకు చెక్కుచెదరలేదు. అతను చేసిన పనిలో ఏ లోపమూ లేదు, నేను దాటనిచ్చిన పైపులో ఉంది.

మోచేతి కింద చెయ్యి తీసేశారు. వెల్డర్‌కు కుడి చెయ్యి.

పోలీసులు బండి గురించి అడిగారు. పైపు మీద మిల్లు గుర్తు ఉండటంతో జనరల్ మేనేజర్‌కు కబురు వచ్చింది. ఆయన నన్ను పిలిచి పసుపు ప్రతి తీయించారు. వాడకం గడి మీద వేలు పెట్టి, బండికని నీకు తెలుసా అని హిందీలో అడిగారు. కాగితంలో ఉన్నదే నాకు తెలుసన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. పోలీసులకు ఇవ్వాల్సిన ఉత్తరం నన్నే రాయమన్నారు, మిల్లులో నా ఇంగ్లీషు బాగుంటుందని పేరు. సదరు సామాను ఇంటి పందిరి కోసమని తీసుకున్న మాజీ కార్మికుడు, కంపెనీకి తెలియకుండా, సొంత బాధ్యత మీద వేరే పనికి వాడుకున్నాడు అని రాశాను. రెండు చోట్ల కామాలు కూడా సరిచేశాను. ఆ ఉత్తరం కాపీ వెల్డింగ్ కాంట్రాక్టర్లందరికీ చేరింది. తుక్కు పైపులతో కేజ్ కట్టి చెయ్యి పోగొట్టుకున్న తెలివితక్కువవాడని అతని పేరు నిలబడిపోయింది. పక్కన కూర్చుని పని నేర్పడానికైనా అతన్ని ఎవరూ పిలవలేదు.

అక్కడితో అయిపోలేదు. చలికాలం దాటాక, ఇంటికని పోయిన సామానంతా నిజంగా ఇంట్లో ఉందో లేదో చూసి రమ్మని హెడ్ ఆఫీస్ నుంచి ఆర్డర్ వచ్చింది. మా సెక్యూరిటీ ఆఫీసర్ చేతిలో జాబితా ఉంది. సంతకం పెట్టినవాణ్ని కాబట్టి నన్నూ తోడు రమ్మన్నాడు. పోలీసుల దగ్గర ఉన్న కేజ్‌కు పట్టింది నాలుగున్నర పైపులు. మిగతావి షెడ్డులో ఏ మూల పడి ఉన్నా, పందిరి అన్నది లేకపోతే నేను రాసింది అబద్ధమని తేలుతుంది. అప్పటికి నా రిటైర్‌మెంట్ మూడు నెలలు ఉంది.

కనకయ్య ఇంటి ముందు పందిరి ఉంది. రెండున్నర స్టెయిన్‌లెస్ పైపులను ముక్కలుగా కోసి నాలుగు గుంజలు, పైన రెండు అడ్డాలు కట్టారు. దాని మీదికి చిక్కుడు తీగ రెండడుగులు పాకింది. అతుకులు ముద్దలు ముద్దలుగా, ఎగుడుదిగుడుగా ఉన్నాయి. చూడగానే తెలిసింది, ఎడమ చేత్తో తనే వేసుకున్నాడు. ఆఫీసర్ ఫోటో తీసుకున్నాడు. జాబితాలో టిక్కు పెట్టుకున్నాడు. సాబ్ పందిరికనే ఇచ్చారని, బండికి వాడింది తన తప్పేనని కనకయ్య అతనికి హిందీలో చెప్పాడు. ఆఫీసర్ కారు వైపు నడిచాక నా పక్కకు తిరిగాడు.

"హెడ్ ఆఫీసోళ్లు వస్తున్రని ఎరుకైంది బావా. నువ్వు రాసిందే నిజం జేసిన. ఇగ నీ సంతకానికి దాగ్ లేదు."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని అతని ముఖంలోకి చూశాను. లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. సుజాత గడపలోనే నిలబడి ఉంది. అన్నా అని పిలవలేదు, మంచినీళ్లు కావాలా అని అడగలేదు. ఆమె చేసిందే న్యాయం. మూడు నెలల తర్వాత నాకు శాలువా కప్పారు. మచ్చలేని సర్వీసు అని జనరల్ మేనేజర్ మైకులో అన్నారు. భంగార్ నుంచి నేనేమీ తీసుకోలేదు.

ఈ పని మీద ఆసక్తి ఉన్నవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. కేజ్‌కు పైపు ఎంచేటప్పుడు వ్యాసం, మందం, మెరుపు తర్వాత చూడండి. ముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో, దానిలోంచి ఏం పారిందో అడగండి. జవాబు లేని పైపు ఎంత బాగున్నా పక్కన పెట్టండి. లోపం ఉన్న మేరకు కోసేస్తే మిగిలింది మంచిదే అన్న లెక్క బట్టల దుకాణంలో వదిలి రండి. సంతకం పెట్టేవారికి ఇంకొకటి. నేను కనకయ్యకు మూడుసార్లు వద్దని చెప్పాను. మూడుసార్లూ నోటితోనే చెప్పాను. సంతకం చేసే అధికారం ఉన్నవాడు నోటితో చెప్పిన వద్దు, వద్దనడం కిందికి రాదు.